ఎరువు నేల – నేలకు ఎరువు

తెలుగులో 'ఎరువు' అన్న మాటకు రెండర్థాలు ఉన్నాయి. చేనికి వేసేది ఒకటి. పొరుగువారి వద్ద కొద్దికాలానికి అడిగి తెచ్చుకొన్న వస్తువు మరొకటి. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్న సామెతలోనిది రెండవది. మా సత్యవేడు పొలాలను గూర్చి తలచినప్పుడెల్లా ఈ రెండర్థాలూ మాకు ఒక్కసారే గుర్తుకు వస్తాయి.

మొదట లెక్క చూద్దాము. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. అంత నత్రజని పశువుల ఎరువుతో అందాలంటే సుమారు నాలుగు టన్నులు, అనగా ఎనిమిది ఎద్దుబండ్లు తోలాలి. అట్లయితే బస్తాయే మేలు కదా అని విద్యార్థులు అడుగవచ్చు. బస్తాలోని నత్రజని చాలవరకు ఆ పంటతోనే సరి. కొంత గాలిలోను నీటిలోను కలిసిపోతుంది. పశువుల ఎరువులోనిది మొదటి పంటకు మూడవ వంతు మాత్రమే అందుతుంది. మిగిలినది నేలలో నిలిచి, మట్టిని గుల్లపరచి, తేమను పట్టి, తరువాతి పంటలకు మెల్లగా దక్కుతుంది.

మన పెద్దలు ఈ సంగతి పుస్తకాలలో చదువలేదు. వేసవిలో చెరువు ఎండగానే పూడికమట్టిని తోలి ఎర్ర ఇసుకనేలల్లో పరచేవారు. ఆ బంకమన్ను వాననీటిని ఆపేది. కోతలైన చేలలో రాత్రివేళ గొర్రెలమందను కట్టించేవారు. వరిమడిలో కానుగాకు, వెంపలి తొక్కించేవారు. నేడు జీలుగను ఎకరాకు పది పన్నెండు కిలోలు చల్లి, పూతదశలో, అంటే సుమారు 45 రోజులకు కలియదున్నినా చాలు. వేరుశనగ విషయంలో మాత్రం మనము పొరబడుతున్నాము. అది గాలిలోని నత్రజనిని వేరుబుడిపెలలో నిలుపుతుంది, నిజమే. కాని దానిని వేరుతో పెరికి, కట్టెను పశువులకు వేస్తాము. ఆ పేడ తిరిగి చేనికి రాకుంటే చేనికి మిగిలేది స్వల్పమే.

ఇన్నిటికీ కావలసినది కాలము. మట్టి తోలిన ఖర్చు మొదటి ఏటనే పడుతుంది. ఫలము కొన్నేండ్లకు పంచుకొని వస్తుంది. గుత్తకు చేసేవానికి ఆ ఏండ్లు ఏవీ? 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు ఒప్పందానికి పెట్టిన గడువు పదకొండు నెలలు. యజమాని హక్కుకు భంగము లేకుండా కౌలుదారుకు అప్పు, బీమా అందాలన్నది దాని ఉద్దేశము. దానిని మేము తప్పుపట్టము. అయినా ఎరువుగా తెచ్చుకొన్న నేలకు ఎరువు వేసేదెవరు?

"వచ్చే ఏడు ఆ చేను మాది కాదు సార్, మట్టి ఎందుకు తోలాలి?" అని ఒక విద్యార్థి తరగతిలో అడిగినాడు. అప్పటికి మేము బదులు చెప్పలేకపోయినాము. తరువాత తోచినది ఇది: మట్టి తోలిన ఖర్చులో యజమాని సగము భరించాలి, లేదా మూడేండ్ల గుత్తలో ఏటేటా కొంత తగ్గించాలి. చేను ఎట్లాగూ ఆయనదే కదా. ఈ షరతును కాగితం మీద వ్రాసుకొనవచ్చునని ఆ అబ్బాయితో చెప్పినాము. తండ్రితో మాట్లాడి చూస్తానన్నాడు.