సర్వర్‌లో డిస్క్ నిండింది.. మొదట ఏ కమాండ్ కొడతారు?

క్లౌడ్ సపోర్ట్, డెవాప్స్, లైనక్స్ అడ్మిన్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ‘లైనక్స్ సర్వర్‌లో డిస్క్ నూటికి నూరు శాతం నిండిపోయింది. వెబ్‌సైట్ ఆగిపోయింది. లాగిన్ అయ్యాక ఏం చేస్తారు?’ వంద కమాండ్ల జాబితా బట్టీ పట్టి వెళ్లినవాళ్లు సరిగ్గా ఇక్కడే తడబడతారు. తెలిసినవి పది పదిహేనే అయినా, ఏది ఎప్పుడు వాడాలో, అది చూపించిన వరసల్లో ఏది చదవాలో తెలిసినవాళ్లు నింపాదిగా జవాబు చెబుతారు. అందుకే ఇక్కడ కమాండ్లను ఏకరువు పెట్టడం లేదు. ఈ ఒక్క ప్రశ్న వెంటే నడుద్దాం. కావలసిన కమాండ్లు దారిలో అవే తగులుతాయి.

ఒక చిన్న సూచన. కమాండ్లను ఇక్కడ అక్షరాల పేర్లతో రాస్తున్నాం. కీబోర్డు మీద మాత్రం వాటిని చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టాలి. లైనక్స్‌కు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు వేర్వేరు. ఎల్ఎస్ అనే కమాండ్‌ను పెద్దబడిలో కొడితే అలాంటి కమాండే లేదంటుంది.

డిగ్రీ కాగానే అమీర్‌పేటలో నేరుగా డాకర్, ఏడబ్ల్యూఎస్ కోర్సుల్లో చేరిపోయేవాళ్లు చాలామంది. నా సలహా: ఒక నెల ఆగి, ముందు లైనక్స్ నేర్చుకోండి. డాకర్ కంటెయినర్ నడిచేదే లైనక్స్ కెర్నెల్‌లోని నేమ్‌స్పేసెస్, సీగ్రూప్స్ అనే ఏర్పాట్ల మీద. క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే లైనక్స్ సర్వర్‌కు సాధారణంగా ఐకాన్లు, మౌస్ ఏవీ ఉండవు. ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్తే కనిపించేది ఒక్క ప్రాంప్టే. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టిన ఈ కెర్నెల్ నేడు ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉంది. 2017 నవంబరు నుంచి టాప్500 జాబితాలోని 500 సూపర్ కంప్యూటర్లూ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. డేటాబేస్ అడ్మిన్, సైబర్ సెక్యూరిటీ, డేటా ఇంజినీరింగ్, ఎంబెడెడ్.. ఎటు వెళ్లినా ఈ ప్రాంప్ట్ ఎదురవుతుంది.

సాధనకు పైసా ఖర్చు లేదు. విండోస్ 10 లేదా 11 ల్యాప్‌టాప్ ఉంటే, పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘డబ్ల్యూఎస్ఎల్’, ఖాళీ, రెండు హైఫన్లు, వెంటనే ‘ఇన్‌స్టాల్’ అని కొడితే ఉబుంటు అనే లైనక్స్ దిగుతుంది. ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్‌తో మొదలుపెట్టొచ్చు. ఫోన్ కీబోర్డుతో కొంచెం విసుగే అయినా, ఫైళ్లు చూడటం, వెతకడం లాంటి పాఠాలకు అది సరిపోతుంది.

లోపలికి వెళ్లగానే మీరు ఏ డైరెక్టరీలో ఉన్నారో ‘పీడబ్ల్యూడీ’ చెబుతుంది, అక్కడ ఏమేం ఉన్నాయో ‘ఎల్ఎస్’ చూపిస్తుంది, వేరేచోటికి ‘సీడీ’ తీసుకెళ్తుంది. సీ డ్రైవ్, డీ డ్రైవ్ అనే పద్ధతి ఇక్కడ లేదు. అన్నీ ఒకే స్లాష్ కింద ఉంటాయి. హోమ్‌లో యూజర్ల ఫైళ్లు, ఈటీసీలో సెట్టింగులు, వార్ కింద లాగ్ అనే డైరెక్టరీలో సర్వర్ రాసుకునే చిట్టా. మొదటి రోజు నుంచే రెండు అలవాట్లు చేసుకోండి. ఫైల్ పేరు మొత్తం కొట్టకుండా రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది అదే నింపుతుంది. ఏదైనా కమాండ్ ఆగకుండా నడుస్తుంటే కంట్రోల్, సీ కలిపి నొక్కండి.

ఇక డిస్క్ సంగతి. మొదటి కమాండ్ ‘డీఎఫ్ హైఫన్ హెచ్’. ప్రతి ఫైల్ సిస్టమ్ సైజు ఎంత, అందులో ఎంత నిండింది, ఎంత మిగిలింది, అది ఎక్కడ మౌంట్ అయింది అన్నీ వరసగా వస్తాయి. హైఫన్ హెచ్ పెట్టకపోతే సైజులు కిలోబైట్లలో పొడుగాటి అంకెలుగా వస్తాయి. పెడితే ఎంబీ, జీబీల్లో చదవడానికి వీలుగా వస్తాయి. ఇక్కడ తేల్చుకోవలసింది ఒక్కటే: నిండింది ఏది? స్లాష్ మొత్తమా, వార్ ఒక్కటేనా? వార్ అనుకుందాం.

ఆ వార్‌లో అంత చోటు తింటున్నది ఏదో ‘డీయూ’ చెబుతుంది. ‘డీయూ హైఫన్ ఎస్‌హెచ్’ అని కొట్టి, ఖాళీ వదిలి స్లాష్ వార్ స్లాష్ స్టార్ అంటే, లోపలున్న ఒక్కో డైరెక్టరీ సైజు ఒక్కో వరసలో వస్తుంది. కొన్ని వరసల్లో ‘పర్మిషన్ డినైడ్’ అని కనిపిస్తే మీ ఖాతాకు ఆ డైరెక్టరీలు చూసే హక్కు లేదన్నమాట. కమాండ్‌కు ముందు ‘సుడో’ చేరిస్తే అడ్మిన్ హక్కులతో నడుస్తుంది. వచ్చిన వరసలను కళ్లతో పోల్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. కమాండ్ చివర ఒక నిలువు గీత పెట్టి ‘సార్ట్ హైఫన్ హెచ్’ అని చేర్చండి. చిన్నవి పైన, పెద్దవి కింద సర్దుకుంటాయి. సార్ట్‌కు హైఫన్ ఎన్ ఇస్తే సరిపోదు. దానికి అంకెలే తెలుసు కాబట్టి 900 కేబీని 2 జీబీ కన్నా పెద్దదనుకుంటుంది. హైఫన్ హెచ్ ఇస్తేనే కే, ఎం, జీలను గుర్తిస్తుంది.

ఆ నిలువు గీతే పైప్. ఒక కమాండ్ ఇచ్చిన జవాబును రెండో కమాండ్ చేతికి అందిస్తుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే ఒక కాగితం మీద ఈ ఆలోచన రాశారు. తోట గొట్టానికి ఇంకో ముక్క బిగించినట్టు ప్రోగ్రాములను ఒకదానికొకటి కలపగలగాలన్నది ఆయన కోరిక. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని, లైనక్స్‌కు నమూనా అయిన యూనిక్స్‌లో అమలు చేశారు. లైనక్స్ కమాండ్లు చాలావరకు చిన్నచిన్నవిగా, ఒక్కోటి ఒక్క పనే చేసేలా ఉండటానికి ఈ కలుపుకునే వీలే కారణం. కమాండ్లు నేర్చుకోవడమంటే అసలు సంగతి ఇదే. పెద్ద ప్రశ్నను చిన్న ప్రశ్నలుగా విడగొట్టడం, వచ్చిన జవాబులను పైప్‌తో కలపడం. ఇది పట్టుబడితే కొత్త కమాండ్ ఎప్పుడు కావాలన్నా పది నిమిషాల్లో నేర్చుకోగలరు.

ఆఖరి వరసలో లాగ్ డైరెక్టరీ కనిపించింది, అందులో వెబ్ సర్వర్ రాసిన ఒకే ఫైల్ 20 జీబీ ఉందనుకోండి. దాన్ని ఎడిటర్‌లో తెరవకండి, సర్వర్ ఇంకా కుంగిపోతుంది. ‘టెయిల్ హైఫన్ ఎన్ 50’ చివరి 50 వరసలే చూపిస్తుంది. ‘టెయిల్ హైఫన్ ఎఫ్’ కొత్త వరస పడ్డప్పుడల్లా మీ కళ్లముందే చూపిస్తుంది. సపోర్ట్ షిఫ్టుల్లో రోజంతా వాడేది దీన్నే. ముందుకీ వెనక్కీ చదవాలంటే ‘లెస్’ ఉంది, బయటికి రావడానికి క్యూ నొక్కాలి. ‘ఎర్రర్’ అన్న మాట ఉన్న వరసలే కావాలంటే ‘గ్రెప్ హైఫన్ ఐ’, దాని తర్వాత ఆ మాట, తర్వాత ఫైల్ పేరు. హైఫన్ ఐ పెడితే పెద్దబడి, చిన్నబడి తేడా చూడదు.

లాగ్ ఎందుకు అంత ఉబ్బిందో కూడా తేల్చాలి. ఏ ఐపీ అడ్రస్ నుంచి ఎక్కువ రిక్వెస్టులు వస్తున్నాయన్నది ఇంటర్వ్యూల్లో మరో ఇష్టమైన ప్రశ్న. వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌లో సాధారణంగా ప్రతి వరసలో మొదటి మాట ఐపీ అడ్రసే. ‘ఆక్’ కమాండ్‌తో ఆ మొదటి మాట ఒక్కటే తీసుకోండి. పైప్ పెట్టి ‘సార్ట్’, మళ్లీ పైప్ పెట్టి ‘యునిక్ హైఫన్ సీ’, ఆపైన ‘సార్ట్ హైఫన్ ఎన్ఆర్’, చివర ‘హెడ్’. ఎక్కువసార్లు వచ్చిన పది అడ్రసులు ముందుకొస్తాయి. మొదటి సార్ట్ ఎందుకని మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. యునిక్ పక్కపక్కన ఉన్న ఒకేలాంటి వరసలను మాత్రమే కలుపుతుంది. ముందు సార్ట్ చేయకపోతే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆ 20 జీబీ ఫైల్‌ను ‘ఆర్ఎం’తో తీసేశారు. మళ్లీ డీఎఫ్ కొట్టారు. ఇంకా నూరు శాతమే! చాలామంది ఫ్రెషర్లకు ఇక్కడ కాళ్లూ చేతులూ ఆడవు. ఆర్ఎం తొలగించేది డైరెక్టరీలో ఉన్న ఆ ఫైల్ పేరును. వెబ్ సర్వర్ ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకునే ఉంది కాబట్టి డిస్క్ మీద చోటు ఖాళీ కాదు. పేరు లేదు గనుక డీయూకు కనిపించదు, చోటు మాత్రం పోయే ఉంది గనుక డీఎఫ్‌కు కనిపిస్తుంది. ఈ రెండు కమాండ్ల లెక్కలు కలవకపోవడమే మీకు ఆనవాలు. ‘సుడో ఎల్ఎస్ఓఎఫ్ ప్లస్ ఎల్1’ కొడితే, పేరు పోయినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రాసెస్‌లు బయటపడతాయి. ప్లస్ పక్కనున్న ఎల్ మాత్రం పెద్దబడి. ‘సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్’తో ఆ సర్వీస్‌ను మళ్లీ మొదలుపెడితే చోటు తిరిగి వస్తుంది. అసలు ఫైల్‌ను తీసేయకుండా ‘ట్రంకేట్ హైఫన్ ఎస్ 0’తో ఖాళీ చేసి ఉంటే ఈ చిక్కే వచ్చేది కాదు. ఏది చేసినా ముందు టీమ్ లీడ్‌ను అడగాలి, ఆ లాగ్ రేపు ఎవరికో ఆధారంగా కావలసి రావచ్చు. మళ్లీ ఇలా నిండకుండా చూసేది ‘లాగ్‌రొటేట్’. ఈ మాట వరకు వచ్చి ఆగితే ఇంటర్వ్యూ చేసేవారికి మీ మీద నమ్మకం కలుగుతుంది.

దీన్ని ఇంట్లోనే చేసి చూడొచ్చు. ‘ఫాలొకేట్ హైఫన్ ఎల్ 1జీ’ అని కొట్టి ఒక పేరు ఇస్తే ఒక జీబీ ఫైల్ తయారవుతుంది. ఇక్కడ జీ పెద్దబడి. ‘స్లీప్ 600’ పక్కన ఎడమవైపు తిరిగిన బాణం గుర్తు, దాని పక్కన ఆ ఫైల్ పేరు పెట్టి నడిపితే, స్లీప్ పది నిమిషాలపాటు ఆ ఫైల్‌ను పట్టుకుని ఉంటుంది. ఇంకో టెర్మినల్‌లో ఫైల్‌ను తీసేసి డీఎఫ్ చూడండి, ఎల్ఎస్ఓఎఫ్ చూడండి, స్లీప్‌ను ఆపి మళ్లీ డీఎఫ్ చూడండి. ఒక్కసారి కళ్లారా చూశాక ఇక బట్టీతో పనిలేదు.

ఇంకో మలుపు కూడా ఉంది. డీఎఫ్ హైఫన్ హెచ్‌లో చోటు కనిపిస్తూనే ఉంటుంది, అయినా ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అంటుంది. అప్పుడు ‘డీఎఫ్ హైఫన్ ఐ’ కొట్టండి. లక్షలాది చిన్న ఫైళ్లు పోగుపడి, ఫైల్‌కు ఒకటి చొప్పున కావలసిన ఐనోడ్లు అయిపోయి ఉండొచ్చు.

ఆర్ఎం గురించి గట్టిగా చెప్పాలి. టెర్మినల్‌లో దానికి రీసైకిల్ బిన్ లేదు. స్టార్ గుర్తుతో ఆర్ఎం కొట్టేముందు అదే స్టార్‌తో ఎల్ఎస్ కొట్టి, పోయేవి ఏవో చూసుకోండి. స్లాష్ పక్కన పొరపాటున పడ్డ ఒక్క ఖాళీ కూడా కమాండ్ అర్థాన్ని మార్చేస్తుంది. ఏఐ టూల్ రాసిచ్చిన కమాండ్ అయినా సరే, అందులోని ప్రతి ముక్కా ఏం చేస్తుందో మీరు చెప్పలేకపోతే సర్వర్ మీద అతికించకండి. అలాగే పర్మిషన్ ఎర్రర్ రాగానే ‘సీహెచ్‌మోడ్ 777’ కొట్టే అలవాటు మానుకోండి. 4 చదవడానికి, 2 రాయడానికి, 1 నడపడానికి. మూడూ కలిపితే 7. మూడు ఏడులంటే ఆ మెషీన్‌లోని ప్రతి యూజర్‌కూ అన్ని హక్కులూ ఇచ్చేసినట్టే. మీ ఎస్ఎస్‌హెచ్ కీ ఫైల్‌కు ఇతరులు చదవగలిగే హక్కులుంటే, ఎస్ఎస్‌హెచ్ ఆ కీని వాడనంటుంది. దానికి 400 గానీ 600 గానీ ఉండాలి.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లిష్ గురించి బెంగపడుతుంటారు. ఆ బెంగ అక్కర్లేదు. మొదట్లో టెర్మినల్ చూపించే ఎర్రర్లు మళ్లీ మళ్లీ వచ్చే కొద్ది వాక్యాలే: కమాండ్ దొరకలేదు, ఫైల్ లేదు, హక్కు లేదు. నెల తిరిగేసరికి చూడగానే అర్థమవుతాయి. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో లైనక్స్ పాఠాలు తెలుగులో కూడా ఉచితంగా దొరుకుతాయి. కొంచెం చేయి తిరిగాక ఓవర్‌దవైర్ వారి బ్యాండిట్ ఆడండి. ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి, ఒక్కో మెట్టులో దాచిన పాస్‌వర్డ్‌ను కమాండ్లతో వెతికి పట్టుకుంటేనే తర్వాతి మెట్టు తెరుచుకుంటుంది. గ్రెప్, ఫైళ్లను వెతికే ఫైండ్, పైప్ చేతికి ఎక్కడానికి ఇంతకన్నా మంచి సాధన నాకు తెలియదు.

సర్టిఫికెట్ల మాటకొస్తే, రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకు పరిశ్రమలో గౌరవం ఉంది. అందులో బిట్ ప్రశ్నలు ఉండవు. మెషీన్ ముందు కూర్చోబెట్టి పనులు చేయమంటారు. ఇంటర్నెట్ ఉండదు, కమాండ్ల వివరాలుండే మ్యాన్ పేజీలు మాత్రం చూసుకోవచ్చు. కాబట్టి ఇప్పటినుంచే సందేహం రాగానే గూగుల్‌కు వెళ్లేముందు ‘మ్యాన్’ కొట్టి పక్కన కమాండ్ పేరు ఇచ్చి చదవడం అలవాటు చేసుకోండి. మీరు చేసిన మార్పులు మెషీన్ రీబూట్ అయ్యాక కూడా నిలవాలి, నిలవకపోతే ఆ పనికి మార్కులు రావు. పరీక్ష ఫీజు ఫ్రెషర్‌కు భారమే. అప్పు చేసి రాయొద్దనే చెబుతాను. ఉద్యోగంలో చేరాక కంపెనీయే కట్టే అవకాశం ఉంటుంది. అప్పటిదాకా రెజ్యూమెలో ‘లైనక్స్ తెలుసు’ అని వదిలేయకుండా, డిస్క్ 80 శాతం దాటితే హెచ్చరించే చిన్న షెల్ స్క్రిప్ట్ సొంతంగా రాసి, గిట్‌హబ్‌లో పెట్టి, ఆ లింకు ఇవ్వండి. ఇరవై వరసలు మించదు. ఇంటర్వ్యూలో ప్రశ్నలు దాని మీదే వస్తాయి, వాటికి జవాబులు మీ దగ్గర ఉంటాయి.