గ్రామసభ ప్రకటనకు ఒక అచ్చు

కూలి మానుకొని గ్రామసభకు వచ్చిన మనిషి, నేడు సభ లేదని తెలిసి తిరిగిపోయినచో మరల రాడు. పంచాయతీ వెబ్‌సైటులో ప్రకటనను ప్రతిమారు కొత్తగా కూర్చునప్పుడు ఇట్టి పొరపాట్లు జరుగును. ఒకమారు పాత తేదీ మిగులును. ఒకమారు స్థలము విడిచిపోవును. ఇటుకలు కోయువాడు ప్రతి ఇటుకను చేతితో మలచడు. అచ్చు ఒక్కటే; మట్టి మాత్రము మారును. ప్రకటనకును అట్టి అచ్చు కలదు.

వెబ్‌సైటులు నిర్మించు వర్డ్‌ప్రెస్ అను సాధనమునకు 2018 డిసెంబరులో వెలువడిన 5.0 కూర్పుతో బ్లాకు ఎడిటరు వచ్చినది. అందు పేరా, చిత్రము, పట్టిక ఒక్కొక్కటి ఒక బ్లాకు. మనకు కావలసిన బ్లాకును మనమే చేయించుకొనవచ్చును. వెబ్‌సైటు రూపమును నిర్ణయించు థీములో టెంప్లేటులుండును. వానిలోని ప్రకటన భాగమే బ్లాకునకు మూలము.

పని క్రమము ఇది:

1. టెంప్లేటులో మారనివానిని, మారువానిని వేరుచేయవలెను. శీర్షిక, అంచు, రంగు మారవు. తేదీ, వేళ, స్థలము, చర్చనీయాంశములు మారును.

2. బ్లాకు పేరును, మారు అంశముల జాబితాను బ్లాక్.జేసన్ అను ఫైలులో వ్రాయవలెను.

3. టెంప్లేటు భాగమును వేరొక పి.హెచ్.పి. ఫైలులో నుంచి, మారు అంశములున్న చోట ఖాళీలు విడువవలెను. ఖాళీలలో నింపినది వట్టి అక్షరములుగానే చూపబడునట్లు జాగ్రత్తపడవలెను. లేనిచో హానికరమైన కోడ్ పుటలో చొరబడవచ్చును.

4. గుమాస్తాకు ఎడిటరులో ఆ ఖాళీగడులు మాత్రమే కనిపించునట్లు చేయవలెను. అచ్చు అతని చేతికి అందరాదు.

ఇందు సభ్యులు రెండు విషయములు గట్టిగా అడుగవలెను. మొదటిది, పుట తెరచినప్పుడెల్ల టెంప్లేటు నుండి రూపొందు బ్లాకు కావలెను. అప్పుడు అచ్చులోని తప్పును ఒక్కచోట దిద్దిన, అన్ని పుటలును దిద్దబడును. తయారైన రూపమే పుటలో నిలిచిపోవు బ్లాకయినచో పాత పుటలు అట్లే యుండును. రెండవది, బ్లాకును థీములో గాక ప్రత్యేకమైన ప్లగిన్‌లో నుంచవలెను. థీములో నుంచినచో, ఆ థీమును మార్చిననాడు ప్రకటనలు పుటలనుండి మాయమగును.

అచ్చు సిద్ధమైన పిమ్మట ఒక ప్రకటనను నింపి, వెబ్‌సైటును ఎన్నడును చూడని ఒకరిచే చదివించుడు. సభ ఎన్నడు, ఎక్కడ, దేనికని వారు తడువుకొనక చెప్పగలిగిన, ఆ పని పూర్తియైనట్లే.