పెద్దబండి ఇచ్చి చిన్నకారు తీసుకోవచ్చునా? సంఘాలకు ఒక లెక్క పాఠం

డీజిలు ధర పెరిగినప్పుడల్లా పాలకవర్గ సమావేశాల్లో ఒక మాట లేస్తుంది: "ఈ పెద్దబండిని మేపలేకున్నాం, దీన్ని ఎక్స్‌చేంజిలో ఇచ్చి పొదుపుగా నడిచే చిన్నకారు తీసుకుందాం." మాట మంచిదే. అయితే లెక్క కట్టకుండా తీర్మానం రాయవద్దని అధ్యక్షులకు, కార్యదర్శులకు మనవి. బండికయ్యే ప్రతి రూపాయీ చివరకు ఉత్పత్తిదారునికి దక్కే పాల ధరలోనుంచే పోతుంది.

పల్లెలోని చిన్న సంఘానికి సాధారణంగా బండి ఉండదు. బల్క్ కూలరు పెట్టుకొని చుట్టుపక్కల ఊళ్ల పాలు చూసుకునే సంఘాలకు, పర్యవేక్షణకు తిరిగే సిబ్బందికి ఉంటుంది. ఈ పాఠం వారి కోసం.

లెక్కను ఒక చోటికి కట్టి చూపితే తేలిగ్గా తెలుస్తుంది గనుక సూళ్లూరుపేటను తీసుకుంటున్నాము. చెన్నై నుంచి కలకత్తా పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఈ పట్టణం మీదుగానే పోతుంది. దక్షిణాన తడ, ఉత్తరాన దొరవారిసత్రం, నాయుడుపేట. తూర్పున పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట రోడ్డు. ఇదంతా చదును నేల, ఘాటు రోడ్డన్నది లేదు. 2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారినందువల్ల జిల్లా కార్యాలయాల పనులకు ఇప్పుడు తిరుపతి వెళ్లాలి. ఇటువంటి చోట ఒకరిద్దరు మనుషులు, ఒక కాగితాల సంచి, ఒక శాంపిళ్ల పెట్టె కదలడానికి రెండు టన్నుల బరువున్న బండి అవసరమా అని సభ్యులు అడిగితే, ఆ ప్రశ్నలో న్యాయముంది.

ముందుగా మైలేజి సంగతి. గేదెను కొనేటప్పుడు పూటకు ఎన్ని లీటర్లిస్తుందని మాత్రమే అడిగి ఊరుకోము. ఎన్నో ఈత, దాణా ఎంత, ఒట్టిపోయే కాలమెంత అని కూడా అడుగుతాము. బండి దగ్గరకొచ్చేసరికి "లీటరుకు ఎంతిస్తుంది?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటాము. ఆ ప్రశ్న మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. లీటరుకు 8 కిలోమీటర్లిచ్చే బండిని మార్చి 10 ఇచ్చేది తెచ్చామనుకోండి. పెరిగింది రెండే. 15 ఇచ్చేదాన్ని మార్చి 20 ఇచ్చేది తెస్తే పెరిగింది ఐదు. రెండోదే లాభమనిపిస్తుంది. కాని వంద కిలోమీటర్లకు ఎంత తాగిందో చూడండి. మొదటి మార్పులో 12.5 లీటర్లు 10కి దిగింది, మిగిలింది 2.5 లీటర్లు. రెండో మార్పులో 6.7 లీటర్లు 5కు దిగింది, మిగిలింది 1.7 మాత్రమే. చాలామంది ఇక్కడ పొరబడుతున్నారని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పండితులు లారిక్, సోల్ 2008లో సైన్స్ పత్రికలో చూపించారు. ఆ దేశంలో 2013 మోడలు కార్ల నుంచి, వంద మైళ్లకు ఎంత ఇంధనం ఖర్చవుతుందో కూడా కారుమీది చీటీలో రాస్తున్నారు. మీ లాగ్ పుస్తకంలోనూ ఒక గడి గీసి వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లో రాయించండి. ఎక్కువ తాగే బండి ఏదో అదే చెబుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. అంకెలు ఉదాహరణకు వేసినవి, మీ బంకు ధర, మీ బండి అంకెలు మీరు వేసుకోండి. పెద్దబండి డీజిలుది, లీటరుకు 10 కిలోమీటర్లు. చిన్నకారు పెట్రోలుది, లీటరుకు 18. (భారత్ స్టేజ్ 6 నిబంధనలు 2020 ఏప్రిల్‌లో వచ్చాక చిన్నకార్లలో డీజిలు దాదాపు కనుమరుగైంది. కాబట్టి చాలా సంఘాలకు ఇది డీజిలు నుంచి పెట్రోలుకు మారడమే. ధరల తేడాను మరువరాదు.) డీజిలు 97 రూపాయలు, పెట్రోలు 110 అనుకుందాం. కిలోమీటరుకు పెద్దబండి ఖర్చు 9.70, చిన్నకారు ఖర్చు 6.11. మిగులు 3 రూపాయల 59 పైసలు. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి సుమారు 64,600 రూపాయలు మిగులుతుంది.

ఇక్కడిదాకా లెక్క వేసి చప్పట్లు కొట్టే పాలకవర్గాలుంటాయి. కొత్తకారు ఆన్‌రోడ్డు ధర 8 లక్షలు, పాతబండికి కట్టిన ధర 3 లక్షలు అనుకుంటే, తేవలసింది 5 లక్షలు. నూటికి 10 వంతున మొదటి ఏడాది వడ్డీ 50,000. తరుగుదల నూటికి 15 చొప్పున కొత్తకారు మీద 1,20,000, పాతబండి మీద అయితే 45,000. తేడా 75,000. రెండూ కలిపి 1,25,000 ఖర్చు పెట్టి 64,600 మిగుల్చుకున్నామన్నమాట! సంఘం రోజుకు వెయ్యి లీటర్ల పాలు పోస్తుంటే, లీటరుకు పదహారున్నర పైసలు నష్టం. మొదటి ఏడాది ఈ ఖర్చు తిరిగి రావాలంటే నెలకు సుమారు 2,900 కిలోమీటర్లు తిరగాలి. పాతబండి మరమ్మతులు భారీగా ఉంటే ఆ అంకె తగ్గుతుంది, ఆ బిల్లులు కూడా కలుపుకోండి.

అలాగని పెద్దబండినే పట్టుకు వేలాడమని చెప్పడం లేదు. అదే 1,500 కిలోమీటర్లకు, నాలుగేళ్లు నడిచిన చిన్నకారును 4,50,000కు తీసుకున్నారనుకోండి. తేవలసింది లక్షన్నర. వడ్డీ 15,000, తరుగుదల తేడా 22,500. మిగిలే 64,600లో ఈ 37,500 తీసేస్తే 27,100 చేతిలో ఉంటుంది. లీటరు పాలకు ఏడు పైసలకు పైగా లాభం. బండి మార్చడం సరైనదే, కొత్తది కావాలనుకోవడం దగ్గరే డబ్బు పోతోంది. అయితే పులికాట్ చుట్టుపక్కల తిరిగిన కారును కొనేటప్పుడు ఒక జాగ్రత్త: ఉప్పుగాలికి అడుగుభాగం తుప్పు పడుతుంది. పైరంగు చూసి మురిసిపోక, లిఫ్టు మీద ఎక్కించి కింద చూడండి.

ప్రభుత్వాలే సొమ్మిచ్చి బండ్లు మార్పించిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో 2009 జూలై, ఆగస్టు నెలల్లో, గాలనుకు 18 మైళ్లకు మించి ఇవ్వని పాతకార్లు (మన లెక్కలో లీటరుకు ఏడున్నర కిలోమీటర్ల చిల్లర) అప్పగించినవారికి 3,500 లేదా 4,500 డాలర్ల తగ్గింపు ఇచ్చారు. సుమారు 6,80,000 బండ్లు వచ్చాయి. ఎక్కువగా వదిలించుకున్నది ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే పెద్దబండిని, ఎక్కువగా కొన్నది టొయోటా కరోలాను. పాత ఇంజన్లు మళ్లీ నడవకుండా పాడుచేశారు. తరువాత పరిశీలించిన ఆర్థికవేత్తలు, ఆ కొనుగోళ్లలో చాలావరకు కొద్ది నెలల్లో ఎలాగూ జరగవలసినవేనని తేల్చారు. తగ్గింపు ఉందని తొందరపడేవారు ఈ సంగతి గమనించగలరు.

పెద్దబండి ఉండవలసిన చోట్లూ ఉన్నాయి. పాలు నీటికన్నా కొంచెం బరువు, 40 లీటర్ల క్యాను నిండితే పాలే 41 కిలోలు, క్యాను బరువు వేరు. అత్యవసరంలో పది క్యాన్లు తేవలసి వచ్చే సంఘం చిన్నకారు మీద ఆశ పెట్టుకోరాదు. కృత్రిమ గర్భధారణకు వాడే ద్రవ నత్రజని కంటెయినరును అద్దాలు బిగించిన కారులో పెట్టుకొని తిరగడం మరీ ప్రమాదం. ఆవిరైన నత్రజని గాలిలోని ఆమ్లజనిని తోసేస్తుంది, వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల కాలంలో కాళంగి పొంగినప్పుడు ఎత్తు తక్కువ కారు లోపలి ఊళ్లకు పోలేదు. 2015 నవంబరు, డిసెంబరు వానలు ఈ తీరమంతా చూసిందే. ఆ పది పదిహేను రోజులకు అద్దె బండి పెట్టుకుంటే చాలునా అన్నది మీ దారులు తెలిసిన మీరే తేల్చాలి.

బండి ఇవ్వడానికి ఒప్పుకుంటే కాగితాల పని వదిలిపెట్టవద్దు. మూడు చోట్ల ధర అడిగి, తీర్మానంలో పుస్తకపు విలువ, వచ్చిన ధర రెండూ రాయండి. తేడాను లాభనష్టాల ఖాతాకు తీసుకెళ్లండి. 29, 30 నంబరు ఫారాల మీద సంతకం చేసి, తాళంచెవి ఇచ్చి వచ్చేస్తే పని అయిపోలేదు. ఆర్.సి. ఎవరి పేరున ఉంటే వారే యజమాని, ప్రమాదం జరిగితే నష్టపరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో తీర్పు చెప్పింది. పేరు మారిన ఆర్.సి. నకలు చేతికొచ్చేదాకా కార్యదర్శి వారానికోసారి అడుగుతూనే ఉండాలి. పాతబండి బీమాలో క్లెయిము లేని సంవత్సరాలకు వచ్చే బోనసు బండిది కాదు, యజమానిది. ఆ పత్రం అడిగి తీసుకుంటే కొత్తగా తెచ్చిన కారు బీమాలో సొంత నష్టం ప్రీమియం మీద 50 శాతం వరకు తగ్గుతుంది.