వర్తక న్యాయము - మొదటి పాఠము: మాదిరి, మాట, బిల్లు

నేతపని చేసికొను మనకు న్యాయశాస్త్రమెందుకని కొందరందురు. కాని తాను మగ్గము దిగి చేయి మారినదనగా, దాని వెంట చట్టము కూడ నడచును.

మద్రాసు గళ్ళగుడ్డ కథ ఇందుకు నిదర్శనము. చీరాల ప్రాంతమున మనవారు నేసి పశ్చిమ ఆఫ్రికాకు పంపిన మద్రాసు రుమాళ్ళు కూడ ఈ జాతివే. 1958లో విలియం జాకబ్‌సన్ అను అమెరికా వర్తకుడు ఎగుమతిదారుడగు కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ వద్ద ఈ గుడ్డ కొనెను. ఇది కచ్చా రంగు, చన్నీటిలో మెల్లగా ఉతకవలెనని నాయర్ హెచ్చరించెననియు, ఆ మాట న్యూయార్కులోని బ్రూక్స్ బ్రదర్స్ వారికి చేరలేదనియు చెప్పుదురు. ఉతికినవారి బట్టలు రంగు దిగినవి, ఫిర్యాదులు వచ్చినవి. పిదప రంగు దిగుటయే దీని ప్రత్యేకతయని ప్రకటించి అమ్మగా జనము మెచ్చి కొనిరి. గుడ్డ అదే, రంగు అదే. కొనువానికి ముందుగా తెలియుటయే భేదము.

ఇక చట్టము. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టము 17వ సెక్షను ప్రకారము, మాదిరి చూపి అమ్మినచో సరుకంతయు ఆ మాదిరికి సరిపోవలెను. పోల్చి చూచుకొనుటకు కొనువానికి అవకాశమీయవలెను. మాదిరిని పరీక్షించినను కనబడక, సరుకును అమ్ముటకు పనికిరాకుండ జేయు దోషముండరాదు. మాదిరిలో 80వ నంబరు నూలు వాడి, బేలులో 60వ నంబరు కలిపినచో అది ఒప్పందభంగము.

చట్టము మనలను కూడ కాపాడును. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము ప్రకారము, నమోదైన చిన్న ఉత్పత్తిదారునకు సరుకు అంగీకరించిన 45 దినములలోపల సొమ్ము చెల్లవలెను. ఎక్కువ గడువు వ్రాసికొన్నను అది చెల్లదు. ఆలస్యమైనచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు 3 రెట్లు చక్రవడ్డీ.

చట్టము ఆగిన చోట ధర్మము మొదలగును. మౌనము మాత్రమే అన్నివేళల మోసము కాదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది. అయినను, మరమగ్గపు చీరను చేనేతయని నమ్మి కొనువాని యెదుట మౌనము వహించుట ధర్మమా? ఆ ఒక్క చీర వలన పోవు నమ్మకము ప్రతి మగ్గమునకు నష్టమే.

కావున సోదరీ సోదరులారా, మూడు పనులు మరువకుడు. మాదిరి ముక్కపై ఇరువురి సంతకములుంచి భద్రపరచుడు. బిల్లుపై నూలు నంబరు, కొలత, రంగు పక్కాయో కచ్చాయో వ్రాయుడు. సరుకు అప్పగించిన తేదీకి రసీదు పుచ్చుకొనుడు.