హాల్డేన్ హాస్యప్రియత్వము

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు పేరు వినినంతనే కర్మాగారముల పొగగొట్టములు మనకు స్ఫురించును. ఆ కర్మాగారములకు సమీపముననే పచ్చని పైరులతో నొప్పు విశాలమైన పరిశోధనక్షేత్రము కలదు. అది 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ సంస్థ. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలను గూర్చి శాస్త్రజ్ఞులచట పరిశోధనలు సలుపుచున్నారు. పంటల జన్యువులలో ఏది దేనికెంత దూరమున నున్నదో తెలుపు పటములు ఇట్టి పరిశోధనకు మిక్కిలి అవసరము. ఆ పటముల రచనయందు నేటికిని వాడబడుచున్న గణితసూత్రములలో నొకటి 1919లో జె. బి. ఎస్. హాల్డేన్ ప్రకటించినది. అంతటి క్లిష్టమైన సూత్రమును రచించిన పండితుడు సదా ముఖము ముడుచుకొని యుండునని తలచుట పొరపాటు. ఆయన గొప్ప హాస్యప్రియుడు.

హాల్డేన్ 1892లో ఇంగ్లాండు దేశమందలి ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. తండ్రి గనులలోని వాయువులను పరిశోధించిన శాస్త్రజ్ఞుడు. ఒకనాడాయన కుమారుని బొగ్గుగనిలోనికి గొనిపోయి, నిలువబడి షేక్‌స్పియరు నాటకములోని ఆంటనీ ఉపన్యాసమును చదువుమనెను. బాలుడు కొంతచదివి, ఊపిరాడక, కాళ్లు తడబడి నేలపై గూలెను. నేలపై నతనికి శ్వాస చక్కగా ఆడెను! మీథేను వాయువు గాలికన్న తేలికయైనది. కావున అది పైకప్పు చెంత జేరును. ఈ సత్యమును బాలుడు ఆజన్మాంతము మరువలేదు. తన శరీరమే తనకు ప్రయోగశాల యను భావము అతనికి ఇట్లే అబ్బెను.

1939లో థెటిస్ అను బ్రిటిషు జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిరి. అట్టి ఆపదలనుండి నావికులను కాపాడు మార్గము తెలిసికొనుటకై హాల్డేన్ ఉక్కు గదిలో గూర్చుండి, గాలి ఒత్తిడిని హెచ్చించియు తగ్గించియు తనపైననే పరీక్షలు చేసికొనెను. ఒక పరీక్షలో మూర్ఛవచ్చి ఆయన వెన్నుపూసలు దెబ్బతినెను. ఇట్టి పరీక్షలలో కర్ణభేరికి రంధ్రము పడుటయు కలదు. దానినిగూర్చి ఆయన యేమనెనో యెరుగుదురా? కొంచెము చెవుడు వచ్చిననేమి, చుట్టపొగను చెవిగుండ విడిచి నలుగురిని వినోదింపజేయవచ్చునట!

1957లో ఆయన సతీసమేతుడై భారతదేశమునకు వచ్చి, కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థలో జేరెను. ఇచ్చటి దుస్తులు ధరింపసాగెను. ఈ దేశమునకు వచ్చుటకు గల కారణములలో మేజోళ్లు తొడుగుకొను బాధ తప్పుటయు నొకటియని చమత్కరించెను. పిఠాపురమువాడైన ద్రోణంరాజు కృష్ణ అచ్చట ఆయనకు శిష్యుడయ్యెను. సీతాకోకచిలుకలు ఏ రంగు పూలపై వాలునో గమనించుటకు విలువైన యంత్రములేల? కన్నులును ఓర్పును చాలును. ఆంధ్రదేశమందు కొందరి చెవులపై మొలచు వెంట్రుకలు తండ్రినుండి కుమారునకు సంక్రమించు తీరునుగూడ కృష్ణ పరిశీలించి 1960లో ప్రకటించెను. నాడు చేసిన ఊహను తరువాతి పరిశోధనలు బలపరుపలేదు. అయినను, ఇతరులు చూచి నవ్వి విడిచిన దానియందు ప్రశ్నను వెదకుట ఆ గురువు నేర్పిన విద్య.

హాల్డేన్ హాస్యమునకు కడపటి పరీక్ష వ్యాధిరూపమున వచ్చెను. ఆయనకు పురీషనాళమున పుట్టకురుపు లేచెను. లండనులో శస్త్రచికిత్స జరిగెను. ఆ వ్యాధి పేరెత్తుటకే జనులు జంకుచుండిన కాలమది. ఆయన 1964లో దానిపై ఒక హాస్యకవితను ప్రకటించెను. అందలి నవ్వు వెనుక ఒక హితవు కలదు: రోగలక్షణములు కనబడినంతనే సిగ్గును భయమును విడిచి వైద్యుని చూడవలెను. ఆలసించినచో ప్రాణములకే ముప్పు. ఆ యేటనే తన మరణానంతరము ప్రసారము చేయుటకై తన సంస్మరణోపన్యాసమును తానే చదివి చిత్రీకరింపజేసెను! నవ్వు వ్యాధిని మాన్పలేదు. 1964 డిసెంబరు 1వ తేదీన ఆయన భువనేశ్వరమున మరణించెను.

తన దేహము విద్యార్థులకు ఉపయోగపడవలెనని ఆయన మరణశాసనమున వ్రాసియుండెను. తదనుసారముగ అది కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు చేరెను. బ్రతికినంతకాలము తన శరీరముపై పరీక్షలు చేసికొనిన శాస్త్రజ్ఞుడు తుదకు తెలుగుగడ్డపై విద్యార్థులకు పాఠమయ్యెను.

నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దలందురు. పరుల కష్టమును జూచి నవ్వు నవ్వు నిశ్చయముగా చేటే. హాల్డేన్ నవ్వినది తన కష్టమును జూచి. ఆ నవ్వు పరుల భయమును పోగొట్టుటకై పుట్టినది. అట్టి నవ్వు చేటు గాదు, మేలే.