అంకెలకూ బదిలీలుంటాయి

పిల్లలూ! అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే ఇంట్లో ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు. సామానంతా అట్టపెట్టెల్లోకి ఎక్కుతుంది. పెట్టె మీద ‘వంటగది’, ‘పుస్తకాలు’ అని రాసి ఉంటే కొత్త ఊళ్లో మొదటి రోజు సులువుగా గడుస్తుంది. రాయకపోతే అన్నం వండే గిన్నె కోసం పెట్టెలన్నీ విప్పాలి.

సైన్సులో సేకరించే కొలతలను దత్తాంశాలు అంటారు. వాటికీ బదిలీలుంటాయి. ఒకరు కొలుస్తారు, ఇంకొకరు కంప్యూటర్లోకి ఎక్కిస్తారు, మరొకరు లెక్క కడతారు. ఏళ్లు గడిచాక వాళ్లెవరో తెలియని మనిషి ఆ ఫైలు తెరుస్తాడు. ఈ ప్రయాణానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు నేర్చుకున్న మూడు పాఠాలు చూద్దాం.

1. అంకె పక్కన ప్రమాణం ఉండాలి

1998 డిసెంబరులో అమెరికా సంస్థ నాసా ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అనే నౌకను అంగారకుడి వైపు పంపింది. దారిలో నౌక తన చిన్న రాకెట్లను మండించినప్పుడల్లా, ఆ తోపు ఎంతో భూమి మీది ఒక ప్రోగ్రాం లెక్కకట్టి ఫైలులో రాసేది. అది పౌండ్లలో రాసింది. ఆ ఫైలు అందుకున్న ప్రోగ్రాం న్యూటన్లు అనుకుని చదివింది. ఒక పౌండు బలం అంటే దాదాపు 4.45 న్యూటన్లు. కాబట్టి ప్రతి తోపూ అసలుకంటే తక్కువగా లెక్కకు వచ్చింది.

నెలల తరబడి ఆ తేడా పోగైంది. 1999 సెప్టెంబరు 23న అంగారకుడికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున సాగాల్సిన నౌక 57 కిలోమీటర్ల దాకా దిగిపోయింది. ఆ తర్వాత దాని నుంచి సంకేతం రాలేదు. కూడికలో తప్పు లేదు. అంకె చేతులు మారేటప్పుడు ప్రమాణం తప్పిపోయింది, అంతే.

2. మొదటి కొలతను చెరపకూడదు

అంటార్కిటికాలోని హేలీ కేంద్రం పైన ఓజోన్ బాగా తగ్గిపోతోందని 1985లో ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాళ్లు నేల మీది పరికరంతో కొలిచారు. అప్పటికే నింబస్-7 ఉపగ్రహం పైనుంచి ఓజోన్‌ను కొలుస్తోంది. అయితే మరీ తక్కువగా వచ్చిన కొలతలకు ‘అనుమానం’ అని గుర్తు పెట్టేలా దాని సాఫ్ట్‌వేర్ రాశారు.

అదృష్టం ఏమిటంటే, గుర్తు పెట్టారే గానీ మొదటి కొలతలను పారేయలేదు. వాటిని మళ్లీ పరిశీలిస్తే ఓజోన్ రంధ్రం ఎంత విశాలమో తెలిసింది. 1987లో ఓజోన్ రక్షణకు మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. నమ్మశక్యం కాని అంకె కనిపిస్తే గుర్తు పెట్టండి, కొట్టేయకండి.

3. యంత్రం మన మాటను మార్చేస్తుందేమో చూసుకోవాలి

మనిషి జన్యువుల్లో కొన్నిటికి ‘మార్చ్1’, ‘సెప్ట్1’ అని పేర్లుండేవి. ఎక్సెల్ పట్టికలో అవి టైపు చేయగానే తారీఖులైపోయేవి! ఎక్సెల్ జన్యు పట్టికలున్న పరిశోధన వ్యాసాల్లో దాదాపు ఐదింట ఒకదానిలో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి ఆ జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చింది. ఇప్పుడవి ‘మార్చ్‌ఎఫ్1’, ‘సెప్టిన్1’.

మన తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. మన ఇంటిపేరు ముందు వస్తుంది. ‘మొదటి పేరు’ అన్న గడిలో దాన్నే నింపితే, కొత్త బడిలో హాజరు వేసేటప్పుడు మిమ్మల్ని ఇంటిపేరుతో పిలుస్తారు. గడి తయారుచేసినవారి ఊహ ఒకటి, నింపినవారి అలవాటు ఒకటి.

చేసి చూడండి

నెల రోజుల పాటు రోజూ ఒకే సమయానికి మీ బడి ఆవరణలో ఉష్ణోగ్రత కొలవండి. మొదటి పేజీలో ఊరు, పరికరం, ప్రమాణం, సమయం, కొలిచినవారి పేరు రాయండి. కొలవని రోజు గడిని ఖాళీగా వదిలి కారణం రాయండి, సున్నా మాత్రం వేయకండి. లేహ్‌లో చదివే మీ స్నేహితులను అడగండి, అక్కడ సున్నా నిజమైన ఉష్ణోగ్రతే!

తర్వాత ఆ పుస్తకాన్ని వేరే తరగతి విద్యార్థికి ఇవ్వండి. మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా గ్రాఫు గీయగలిగితే మీ పని బాగున్నట్టే. అడిగితే, ఆ ప్రశ్నకు జవాబును మొదటి పేజీలో చేర్చండి. రేపు మీకు బదిలీ అయినా ఆ పుస్తకం అక్కడ పనికొస్తుంది.