సెలవు తేదీని బట్టి ఆపరేషన్ వద్దు

ప్రశ్న: నా భార్యకు 29 ఏండ్లు. పెండ్లికి ముందు నుంచే నెలసరి వచ్చినప్పుడల్లా విపరీతమైన కడుపునొప్పి, నడుంనొప్పి. ఇప్పుడు కలిసినప్పుడు కూడా నొప్పే. ఆరేండ్ల పాప ఉంది. రెండో కాన్పు కోసం నాలుగేండ్లుగా చూస్తున్నం. జగిత్యాలలో స్కానింగ్ తీస్తే ఎడమ అండాశయంలో 6 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్టు ఉంది, ఇది ఎండోమెట్రియోసిస్ అన్నరు. ఆమె ఇంటి దగ్గర బీడీలు చుడుతది. నేను దుబాయ్‌లో పని చేస్త, రెండేండ్లకోసారి వస్త. ఈ సెలవులో ఇంకా అయిదు వారాలే మిగిలినయి. నేనున్నప్పుడే ఆపరేషన్ చేయించి దగ్గరుండి చూసుకోవాలని ఉన్నది. గర్భసంచి కూడా తీయించేస్తే మళ్ళా ఈ బాధ ఉండదని చుట్టాలు అంటున్నరు. ఏం చెయ్యమంటరు?
– ఒక పాఠకుడు, బుగ్గారం

జవాబు: భార్య నొప్పిని నొప్పిగా గుర్తించి, దగ్గరుండి చూసుకోవాలనుకుంటున్నారు. ఈ జబ్బు ఉన్న చాలామంది ఆడవాళ్ళకు ఆ గుర్తింపే దొరకదు. అయితే మీరు విమానం ఎక్కే తేదీని బట్టి ఆమె ఆపరేషన్ తేదీ కుదరకూడదు. ఆపరేషన్ నొప్పి తగ్గడం కోసమా, రెండో బిడ్డ కోసమా అన్నది ముందు తేలాలి. నొప్పి కోసమే అయితే మీరు దగ్గరుండాల్సింది రెండు మూడు వారాలు. బిడ్డ కోసమైతే ఆపరేషన్ నాడు మీరు ఉన్నా లేకున్నా, ఆ తర్వాత కొన్ని నెలలు మాత్రం ఇంట్లో ఉండి తీరాలి. గల్ఫ్ కుటుంబాల్లో చాలాసార్లు దీనికి తలకిందులుగా జరుగుతుంది. సెలవు చివర్లో ఆపరేషన్, కుట్లు మానేలోపు భర్త ప్రయాణం. ఆపరేషన్ వల్ల గర్భం రావడానికి పెరిగిన అవకాశం అంతా ఆయన లేని నెలల్లోనే కరిగిపోతుంది.

జబ్బు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే గర్భసంచి తీయించాలన్న సలహా దాని స్వభావం తెలియక వస్తున్నదే. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం బయట, అంటే అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద, గర్భసంచికీ పేగుకీ మధ్య, ఒక్కోసారి మూత్రాశయం మీద కూడా పెరగడమే ఎండోమెట్రియోసిస్. నెలనెలా హార్మోన్ల ప్రభావానికి అదీ వాస్తుంది, రక్తం ఊరుతుంది, చుట్టూ ఉన్న అవయవాలను ఒకదానికొకటి అతికిస్తుంది. అండాశయంలో నిల్వ ఉండి ముదురు గోధుమ రంగుకు మారిన పాత రక్తమే మీరు రాసిన చాక్లెట్ సిస్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పునరుత్పత్తి వయసులో ఉన్న ఆడవాళ్ళలో దాదాపు పది శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. చాలామందిలో ఇది బయటపడటానికే ఏళ్ళు పడుతుంది. పెండ్లయితే తగ్గుతుంది, కాన్పయితే తగ్గుతుంది అని సర్దిచెప్పే మాటల్లోనే ఆ ఏళ్ళు గడిచిపోతాయి. మీ ఇంట్లో కాన్పు అయింది, నొప్పి తగ్గలేదు. అది ఆమె తప్పు కాదు, ఓర్చుకోలేని గుణమూ కాదు. సిస్టు ఎంత పెద్దదన్న దానికీ నొప్పి ఎంతుందన్న దానికీ నేరుగా లంకె లేదు. చిన్న మచ్చలే ఉన్నా మెలికలు తిరిగేంత నొప్పి ఉండవచ్చు.

గర్భసంచికి బయట ఉన్న జబ్బు గర్భసంచి తీసినంత మాత్రాన పోదు. మచ్చలు మిగిలితే, అండాశయాలు పనిచేస్తూ ఉంటే నొప్పి తిరిగి రావచ్చు. అలాగని అండాశయాలు కూడా తీస్తే 29 ఏళ్ళకే ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం, ఏళ్ళ తరబడి హార్మోన్ మాత్రలు వాడాల్సి రావడం దాని వెంటే వస్తాయి. రెండో బిడ్డ ఆశ గర్భసంచి తీయడంతోనే ముగుస్తుంది. గర్భసంచి కండరంలోనే జబ్బు ఉండి, పిల్లలు చాలనుకుని, మందులకు లొంగని బాధ ఉన్నవారికి ఈ ఆపరేషన్ మేలు చేసే మాట నిజమే. మీ భార్య పరిస్థితి అది కాదు. మన ప్రాంతంలో ఈ సలహా ఇంత సులువుగా ఎందుకు వినిపిస్తుందో కూడా మీరు తెలుసుకోవాలి. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. మన ఆడవాళ్ళ గర్భసంచులకే రెండింతలకు మించి జబ్బులు వస్తాయని నమ్మడానికి ఆధారం లేదు. చుట్టుపక్కల ఇంతమంది చేయించుకున్నారు కాబట్టి అదే మామూలు వైద్యంలా కనిపిస్తోంది, అంతే. చుట్టాలు మీ మేలు కోరే చెబుతున్నారు, కాదనను. కానీ ఈ ఒక్క విషయంలో వాళ్ళ మాట వినకండి.

ఇక మీ అసలు ప్రశ్న. 6 సెంటీమీటర్ల సిస్టు, ఇంత నొప్పి ఉన్నప్పుడు లాప్రోస్కోపీ చేసి సిస్టు గోడను ఒలిచి తీయడం సరైన వైద్యమే. లోపలి ద్రవాన్ని తోడేసి వదిలితే సిస్టు చాలావరకు మళ్ళీ నిండుతుంది కనుక ఒలిచి తీయడమే మేలు. కానీ ఒలిచేటప్పుడు దాన్ని అంటిపెట్టుకుని ఉన్న మంచి అండాశయం కూడా కొంత పోతుంది, అండాల నిల్వ తగ్గుతుంది. అదే అండాశయానికి రెండోసారి ఆపరేషన్ అంటే నష్టం ఇంకా ఎక్కువ. అందుకే బిడ్డ కావాలనుకునే స్త్రీకి మొదటి ఆపరేషన్‌ను ఆషామాషీగా ఖర్చు చేయకూడదు. ముందే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించి నిల్వ ఎంతుందో చూడాలి. మరీ తక్కువుంటే ఆపరేషన్‌కు ముందే అండాలో పిండాలో దాచుకోవడం గురించి, లేదా నేరుగా ఐవీఎఫ్ గురించి ఆలోచించాల్సి ఉంటుంది. నిల్వ బాగుండి ఆపరేషన్ చేస్తే, ఆ తర్వాత సహజంగా గర్భం వచ్చే వారిలో ఎక్కువమందికి తొలి ఏడాది, ఏడాదిన్నరలోనే వస్తుంది. ఆ కాలంలో మీరు దుబాయ్‌లో ఉంటే ఆపరేషన్ బిడ్డ కోసం చేసినట్టు కాదు.

మరో సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. నాలుగేళ్ళుగా చూస్తున్నామన్నారు. రెండేళ్ళకు రెండు నెలల సెలవు అనుకుంటే ఆ నాలుగేళ్ళలో మీరు కలిసి ఉన్నది నాలుగైదు నెలలు. ఏడాది పాటు కలిసి కాపురం చేసినా గర్భం రాకపోతేనే వైద్యులు దాన్ని సంతానలేమి అంటారు. ఆ నాలుగైదు నెలల్లోనూ ఆమెకు కలయిక నొప్పి. అలాంటప్పుడు గర్భం రాకపోవడాన్ని పూర్తిగా జబ్బు ఖాతాలో, అంటే ఆమె ఖాతాలో రాయడం న్యాయం కాదు. మీ వీర్యపరీక్ష ఈ వారమే జరగాలి. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు, ఖర్చు తక్కువ, కోత లేదు. భార్యను ఆపరేషన్ బల్ల ఎక్కించే ముందు భర్త చేయించుకోవాల్సిన మొదటి పరీక్ష ఇదే.

‘నేను వెళ్ళిపోతే ఆమెను ఎవరు చూస్తారు, అందాకా సిస్టు పెరిగితే?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎండోమెట్రియోసిస్ ఆపరేషన్ ఎక్కువమందిలో అత్యవసరం కాదు, ప్రణాళిక వేసుకుని చేయించుకునేది. నొప్పి తగ్గడానికి, సిస్టు పెరగకుండా ఉండటానికి డైనోజెస్ట్ లాంటి హార్మోన్ మాత్రలు డాక్టరు సలహాతో వాడవచ్చు. అవి వాడుతున్నంత కాలం గర్భం కోసం ప్రయత్నించకూడదు, మీరు లేని నెలలకు అది అడ్డంకి కాదు. వాయిదా పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. ఉన్నట్టుండి ఒక పక్క భరించలేని నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండవచ్చు. మూత్రనాళం నొక్కుకుపోతే ఏ నొప్పీ లేకుండానే కిడ్నీ వాయవచ్చు, కాబట్టి స్కానింగ్‌లో కిడ్నీలు కూడా చూడమని అడగండి. సిస్టులో గట్టి భాగాలు కనిపించినా, పేగు మూసుకుపోయే సూచనలున్నా ఆగకూడదు. ఇవేవీ లేకపోతే ఈ అయిదు వారాలను పరీక్షలకు, నిర్ణయానికి వాడండి. మలవిసర్జన సమయంలో కూడా నొప్పి ఉంటే పేగు దగ్గర జబ్బు ఉందేమో ఎమ్మారైలో చూడాలి. ఉంటే పేగు సర్జన్ కూడా అందుబాటులో ఉండే ఆసుపత్రికి, కరీంనగర్‌కో హైదరాబాద్‌కో వెళ్ళాలి. రెండో బిడ్డ సంగతి తర్వాత, ముందు నొప్పి తగ్గితే చాలని ఆమె అంటే మాత్రం ఈ సెలవులోనే చేయించండి, తప్పు లేదు.

‘ఆమె అంటే’ అన్నాను, గమనించండి. మీరిద్దరూ మాట్లాడుకుని వచ్చినా, కాగితం మీద సంతకం ఆమెది, నిర్ణయం ఆమెది. ఈ జబ్బుకు సంబంధించిన కేసులోనే మన సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది. 1995లో సమీరా కోహ్లీ అనే మహిళకు లోపల ఏముందో చూడటానికని లాప్రోస్కోపీ మొదలుపెట్టారు. ఎండోమెట్రియోసిస్ కనిపించిందని, ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు, నాళాలు తీసేశారు. 2008 జనవరిలో కోర్టు అది చెల్లదన్నది. చూడటానికి ఇచ్చిన అనుమతి తీయడానికి వర్తించదు, ప్రాణాపాయం లేనప్పుడు వయసు వచ్చిన మనిషి శరీరం మీద ఇంకొకరి సమ్మతి సరిపోదు అని తేల్చింది. తల్లికి లేని ఆ హక్కు భర్తకూ లేదు. అలాగైతే భర్త పక్కకు తప్పుకోవాలా అంటే, అదీ కాదు. బ్రిటన్‌లో లెస్టర్‌లోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 22 జంటలతో విడివిడిగా మాట్లాడినప్పుడు, భర్తలు కూడా ఈ జబ్బు వల్ల నలుగుతున్నారని, వైద్యంలో వారిని పట్టించుకునేవారు లేరని తేలింది. కాబట్టి డాక్టరు గదిలోకి ఇద్దరూ వెళ్ళండి. ఏం తీయవచ్చు, ఏది ఎట్టి పరిస్థితుల్లో తీయకూడదు, లోపల అనుకోనిది కనిపిస్తే ఏం చేయాలి అన్నది ఆమె తన నోటితో చెప్పి అనుమతి పత్రంలో రాయించాలి. ఆపరేషన్ మధ్యలో డాక్టరు బయటికి వచ్చి మిమ్మల్ని అడిగితే, ఆమె చెప్పిన మాటనే మీరు చెప్పాలి. వెంట వచ్చిన పెద్దలు వేరే మాట అన్నప్పుడు నిలబడాల్సింది కూడా మీరే.

ఆపరేషన్ అయ్యాక ఒకటి రెండు రోజులు భుజాల్లో నొప్పి ఉంటుంది. లోపలికి పంపిన గ్యాస్ వల్ల వచ్చేది, భయం లేదు. అదే రోజు లేపి నాలుగడుగులు నడిపించండి. బిందెలు మోయడం నాలుగు నుంచి ఆరు వారాల దాకా వద్దు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కనుక బీడీల చాట ముందు కూర్చోవడం కూడా కొన్ని వారాలు మానాలి. ఆ వారాల కూలి పోతుందన్న దిగులు ఆమెకు ఉంటుంది, ఆ లెక్క మీరు ముందే వేసి పెట్టండి. జ్వరం, రోజురోజుకూ పెరిగే కడుపునొప్పి, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం, పిక్క వాపు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కలయిక ఎప్పుడన్నది డాక్టరు చెప్పే వారాలతో పాటు ఆమె మనసు మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఏళ్ళ నొప్పి శరీరానికి నేర్పిన భయం కుట్లతో పాటే మానదు.

సిస్టు బాగా తీసినా జబ్బు తిరిగి రావచ్చు. పరిశోధనలన్నీ కలిపి చూస్తే రెండేళ్ళకు అయిదుగురిలో ఒకరికి, అయిదేళ్ళకు దాదాపు సగం మందికి తిరిగి వచ్చినట్టు తేలింది. అందుకే వెంటనే బిడ్డ వద్దనుకుంటే ఆపరేషన్ తర్వాత కనీసం ఏడాదిన్నర, రెండేళ్ళు హార్మోన్ మాత్రలో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనమో కొనసాగించాలి. ‘ఆపరేషన్ అయింది కదా, ఇంకా మాత్రలెందుకు’ అని ఇంట్లోవాళ్ళు అడిగినప్పుడు దుబాయ్ నుంచి ఫోన్‌లోనైనా జవాబు మీరే చెప్పండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే, చేయబోయే ఆపరేషన్ ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి. టికెట్ వెనక్కి జరిపే వీలుందో, వచ్చే ఏడాది ఆరు నెలలు ఇంటి దగ్గర ఉండే వీలుందో మీ కంపెనీని ఈ వారమే అడగండి. ఆ జవాబు చేతిలో ఉంటే మీ డాక్టరు ఆపరేషన్ తేదీ గురించి మీ ఇద్దరితో సరిగ్గా మాట్లాడగలరు.